దిద్దిన కళ్ళు

పత్తి బేళ్ళ వెనక ఏదో జంతువు గోనె కప్పుకుని నిలబడ్డట్టుగా ఉంది. బసవన్న గోనె లాగేసరికి దుమ్ము లేచి ఇద్దరికీ దగ్గు వచ్చింది.

"ఇదే సారూ, మా నాయన పెద్ద కెమెరా. సూసుకో, ఏమన్నా మిగిలిందేమో."

వాదిరాజ చుట్టూ తిరిగి చూశాడు. నడుమెత్తు టేకు స్టాండు. దాని మీద చెక్కపెట్టె. ముందు ఇత్తడి గొట్టంలో లెన్సు. పెట్టెకూ లెన్సుకూ మధ్య హార్మోనియం తిత్తిలాగా మడతలు మడతలుగా తోలు. ఆ తోలును ఎలుకలు కొరికి తినేశాయి. పెట్టె వెనక ఉండే గరుకు అద్దం సగం పగిలిపోయింది. స్టాండుకు ఒక చక్రం లేదు. లెన్సు మీద మాత్రం ఎవరో జాగ్రత్తగా గుడ్డ చుట్టి పురికొస కట్టారు.

"అది మా నాయన కట్టిందే," అన్నాడు బసవన్న. "ఆయన పోయినాక ఎవురూ ముట్టలే."

బసవన్న తండ్రి ఆదోనిలో ఫోటో స్టూడియో పెట్టి ముప్ఫై ఏళ్ళు నడిపినవాడు. కొడుకు స్టూడియో మూసేసి పత్తి వ్యాపారంలోకి దిగాడు. కెమెరా గోడౌనులోకి చేరింది.

"దీనికి ఏమివ్వాలి బసవన్నా?"

"ఏమొద్దు. మా నాయన దీంతో ఎన్ని పెండ్లిండ్లు తీసినాడో అన్ని సావులూ తీసినాడు. పీనుగును కుర్సీలో కూసోబెట్టి, ఎనక నుంచి మనిషి పట్టుకోని ఉంటే తీసేది. ఇంట్లో పెడదామంటే ఆడోళ్ళు ఒప్పుకోలే. పొయ్యిలో పెడదామంటే మా నాయన గుర్తొస్తాడు. ఇప్పుడు దీనికి డబ్బు తీసుకున్నానంటే మా అవ్వ నన్ను గడప తొక్కనియ్యదు. తీసకపో." బసవన్న చేతులు దులుపుకున్నాడు. "ఇంతకీ నీకెందుకు సారూ? బడి ఇడిసిపెట్టి స్టూడియో పెడతావా?"

"చిన్న ఫోటో ఒకటి ఉంది. దాన్ని పెద్దది చేయాలి."

"ఎవురిది?"

"మా పాపది."

"ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

"మంచిది. గోడకు పెట్టుకుంటే ఇల్లు కళగా ఉంటాది."

వాదిరాజ అవునన్నట్టు తల ఊపాడు.

చంద్రకళ కంటే ముందు వాళ్ళకు ఇద్దరు పుట్టి ఏడాది తిరక్కుండానే పోయారు. అందుకని మూడో బిడ్డ కడుపున పడ్డప్పుడే రాధాబాయి ఒక కట్టడి పెట్టుకుంది. పదేళ్ళు నిండేదాకా పిల్లకు ఫోటో తీయించకూడదు. ఫోటో అంటే నలుగురి కళ్ళూ పడేది. దిష్టి ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. పదో ఏడు దాటాక మంత్రాలయం పోయి, స్వామి దర్శనం చేయించి, అక్కడే మొదటి ఫోటో తీయిద్దామనుకుంది. బళ్ళో తరగతి ఫోటో తీసే రోజు పిల్లను ఇంట్లోనే ఉంచేసింది. పిల్ల ఆ రోజంతా ఏడ్చింది.

ఆ పదో ఏడు రాలేదు. డెబ్బై ఎనిమిది వేసవి మొదట్లో జ్వరం వచ్చింది. వాదిరాజ పదో తరగతి పరీక్షల డ్యూటీ మీద కౌతాళంలో ఉన్నాడు. కబురు అందుకుని బస్సు దిగేసరికి అంతా అయిపోయింది. నిద్రలో పోయిన పిల్ల సగం తెరుచుకున్న కళ్ళను బావమరిది శ్రీపాదరావే మూశాడు. అతనే బస్టాండు దగ్గర చిన్న కెమెరా పట్టుకుని తిరిగే మనిషిని పిలుచుకొచ్చాడు. "ఒక్కటైనా ఉండాలి బావా, తర్వాత మనసు కొట్టుకుంటుంది," అన్నాడు. ఆ మనిషి ఫోటో ఇచ్చి ఏ ఊరు పోయాడో తెలియదు. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద ఫోటో. అందులో చంద్రకళ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది.

రాధాబాయి దాన్ని గూట్లో బోర్లా పెట్టింది. వంట చేసేది, వడ్డించేది, వెనక గదిలోకి పోయి కూర్చునేది. వీధి గదిలోకి రావడం మానేసింది. మాట్లాడితే ఒకటి రెండు మాటలు. అలాంటిది ఒకరోజు అన్నం వడ్డిస్తూ అంది: "దాని కండ్లు తెరిపించండి."

వాదిరాజ తలెత్తి చూశాడు.

"ఎమ్మిగనూరులో రామలింగం అని ఉండాడంట. పోయినవాళ్ళ ఫోటోల్లో కండ్లు తెరుస్తాడంట. పక్కింటి సుంకమ్మ చెప్పింది."

ఆమె ఏదైనా కావాలని అడగడం పిల్ల పోయిన మూడు నెలల్లో అదే మొదటిసారి. అది ఒక్కటీ చేయగలిగితే ఆమె మళ్ళీ వీధి గదిలోకి వస్తుందని వాదిరాజకు తోచింది. ఆ తోచడం తప్ప ఆయన దగ్గర వేరే ఆధారం ఏమీ లేదు.

రామలింగం నేతగాళ్ళ ఇంటివాడు. చిన్నప్పుడు మగ్గం వదిలి ఆదోని పోయి, బసవన్న తండ్రి దగ్గర ఫోటో పనీ, ఫోటోల మీద కుంచెతో దిద్దే టచింగు పనీ నేర్చుకున్నాడు. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఇంటి ముందుగదిలో స్టూడియో. వెనక భార్య శ్రీశైలమ్మ దుప్పట్లు నేస్తుంది. అతను చిన్న ఫోటోను వెలుతురులో పట్టుకుని భూతద్దంతో చాలాసేపు చూశాడు.

"తెరుస్తా సారూ. కానీ ఇంత ముఖంలో కన్ను ఆవగింజంత కూడా లేదు. కుంచె యాడ పెట్టేది? ముందు ముఖం అరచెయ్యంత కావల్ల. నా కెమెరా ఇంత దగ్గరికి పోతే మసక పడతాది. మా గురువుగారి పెద్ద కెమెరా ఉంటే అయితాది. దాని తిత్తి ఎంత సాగితే బొమ్మ అంత పెద్దగా వస్తాది. పెద్ద ఫిల్ము మీద తీసి, కాగితం మీద అచ్చేసి, ఆ కాగితం మీద కండ్లు దిద్ది, మళ్ళా దాన్ని ఫోటో తియ్యల్ల. అట్లయితే దిద్దినట్టు తెలీదు."

అలా వాదిరాజ గోడౌనుకు వచ్చాడు.

కెమెరాను బస్సు టాపు మీదికి ఎక్కించేటప్పుడు కండక్టరు కింద నుంచి అరిచాడు: "ఏంది సారూ అది, తొట్టెనా? పిల్లోళ్ళ తొట్టెయితే లోపలే పెట్టుకోవచ్చులే."

"కాదప్పా," అన్నాడు వాదిరాజ.

అప్పటి నుంచి ఆదివారాలూ సెలవు రోజులూ ఆయన ఎమ్మిగనూరులోనే గడిపాడు. చక్రమూ, స్టాండు బిగింపులూ చేయడానికి మగ్గాలు చేసే వడ్రంగి ఈరప్ప వచ్చాడు. కెమెరాను అటూ ఇటూ తట్టి చూసి, "పడుగూ లేదు, పేకా లేదు. ఇదేం మగ్గమప్పా రామలింగా?" అన్నాడు.

"మనిషిని నేసే మగ్గం. నీ ముఖం నేస్తే నూలు సాలదు, పని సూడు," అన్నాడు రామలింగం.

తిత్తి మాత్రం ఎవరి వల్లా కాలేదు. అంత పల్చని తోలు దొరకలేదు. చివరికి గుడ్డతోనే చేయాలన్నాడు రామలింగం. శ్రీశైలమ్మ మగ్గం గుంతలో నుంచే కసిరింది.

"దుప్పటి నేస్తే పొయ్యి మండతాది. ఈయప్ప కెమెరాకు రైక గుడ్డ నేస్తే ఏం మండతాది? నా కడుపే మండతాది."

అన్నదే కాని, మరుసటి వారానికి వెలుతురు దూరనంత బిగువుగా గజాలకొద్దీ నేసి, నల్లరంగు అద్దించి పెట్టింది. మధ్యలో రామలింగం చెప్పాడట, సారు బిడ్డ సంగతి. ఆ తర్వాత ఆమె వాదిరాజ ముందు పొయ్యి మాట ఎత్తలేదు.

రెండు పొరల గుడ్డ మధ్య సన్నటి అట్ట బద్దలు పేర్చి, చింతగింజల బంకతో అంటించారు. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం కలిపారు. బంక ఆరకముందే మడతలు పడాలి. ఒకరు లోపలికి నొక్కితే ఒకరు బయటికి లాగాలి. మొదటిసారి మడతలు వంకర పోయాయి. విప్పి నానబెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. గరుకు అద్దం పని వాదిరాజ ఇంటికి తీసుకుపోయాడు. లేత్ షాపులో వాడే ఎమరీ పొడిని నీళ్ళతో తడిపి రెండు అద్దం పలకల మధ్య వేసి, సున్నాలు చుట్టినట్టుగా రుద్దాలి. బడి నుంచి వచ్చి ఇంటి ముందరి అరుగు కట్ట మీద కూర్చుని రోజూ రుద్దేవాడు. ఆ గరగర చప్పుడు వెనక గదిలోకి వినిపించేది. రాధాబాయి ఏమిటని అడగలేదు. కానీ ఒక సాయంత్రం ఆయన చేతులు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ, "ఇంకెన్నాళ్ళు?" అంది.

"అయిపోవచ్చింది."

తిత్తి బిగించిన రోజు రామలింగం కెమెరాను మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తోశాడు. "లోపల తల పెట్టి సూడండి సారూ. యాడన్నా వెలుతురు దూరితే సుక్కలాగ కనపడతాది."

వాదిరాజ అద్దం తీసేసి, పెట్టెలో తల పెట్టి, నల్లగుడ్డ మెడ చుట్టూ బిగించుకున్నాడు. మొదట ఏమీ కనిపించలేదు. కళ్ళు అలవాటు పడ్డాక, మడతల మూలల్లో సన్నటి చుక్కలు మూడు నాలుగు మెరిశాయి. బయటికి చెయ్యి చాపి, జేబులోని సుద్దముక్కతో తడిమి తడిమి ఒక్కొక్కదాని దగ్గరా గుర్తు పెట్టాడు. గుర్తులు అయిపోయాయి. ఆయన తల బయటికి తీయలేదు. లోపల బంక వాసన, కొత్త గుడ్డ వాసన. చెమట గడ్డం మీదుగా కారుతోంది. అక్కడ ఎవరూ ఆయన ముఖం చూడలేరు. శ్రీశైలమ్మ మగ్గం చప్పుడు ఆగింది. రామలింగం పిలవబోతే ఆమె వద్దని సైగ చేసి ఉంటుంది. కాసేపటికి మగ్గం మళ్ళీ మొదలైంది. అప్పుడు బయటికి వచ్చాడు.

ఆ మరుసటి ఆదివారం చిన్న ఫోటోను గోడకు గుచ్చి, తిత్తి మొత్తం సాగదీశారు. వాదిరాజ తాను రుద్దిన అద్దం మీద చంద్రకళ ముఖం చూశాడు. తలకిందులుగా, అరచేతంత ఉంది. ఎడమ కనుబొమ్మ కింద చిన్న గాటు మచ్చ కనిపించింది. అది ఎప్పుడు పడిందో ఆయనకు తెలియదు.

బొమ్మ బాగా వచ్చింది. అచ్చు కాగితాన్ని బల్ల మీద పరిచి, రామలింగం కుంచెలు తడుపుకుంటూ అడిగాడు.

"పాప కండ్లు ఎట్లుండేవి సారూ?"

"పెద్దవి."

"అందురూ అట్లనే సెప్తారు. రెప్ప బరువుగా వాలేదా? నల్లగుడ్డు నిండుగా కనపడేదా? నవ్వితే సన్నగయ్యేవా?"

వాదిరాజ ఆలోచించాడు. చంద్రకళ జడ గుర్తుంది. పెరుగన్నంలో ఊరగాయ కలపకుండా అంచున పెట్టుకునే తీరు గుర్తుంది. చదివేటప్పుడు 'ళ' పలకడానికి నాలుక మడిచే తీరు కూడా గుర్తుంది. ఆమె వచ్చి బల్లకు అటువైపు నిలబడేది. ఆయన ఎర్రసిరాతో పేపర్లు దిద్దుతుండేవాడు. తలెత్తకుండానే "ఏమమ్మా" అనేవాడు. ఆమె అడగవలసింది అడిగి వెళ్ళిపోయేది.

"చెప్పలేనప్పా," అన్నాడు.

రామలింగం కుంచె కింద పెట్టాడు. "దానికేముంది. మా గురువుగారు ఒక పద్ధతి పెట్టినాడు. ఇంట్లోవాళ్ళు సెప్పలేకపోతే రక్తసంబంధం కండ్లు దిద్దేది. కొడుక్కయితే తండ్రివి, బిడ్డకయితే తల్లివి. శానామందికి అట్లనే పెట్టినాం. ఎవురూ కాదనలే. అమ్మను ఒకసారి ఈ కెమెరా ముందర కూసోబెట్టండి."

రాధాబాయి రానంటుందనుకున్నాడు. ఆమె "ఎప్పుడు పోవల్ల?" అని మాత్రమే అడిగింది. ఇంట్లో కట్టుకునే చీరతోనే బయలుదేరింది. బస్సులో దారి పొడుగునా కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

శ్రీశైలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడింది. "మా ఇంట్లో తాగుతారో లేదో తల్లీ..."

"దప్పికగా ఉంది," అని రాధాబాయి చెంబు అందుకుని తాగింది.

మగ్గాల గదికి ఆనుకుని వెలుతురు పడే చోట కుర్చీ వేశారు. రామలింగం కెమెరాను దగ్గరికి తోసి, నల్లగుడ్డ ఎత్తి పట్టుకున్నాడు. "మీరే సూడండి సారూ, కండ్లు నిక్కచ్చిగా ఉండాయో లేదో."

వాదిరాజ గుడ్డ కింద దూరాడు. అద్దం మీద భార్య ముఖం తలకిందులుగా ఉంది. చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లబడింది. ఇన్ని నెలల్లో ఆమెను ఇంత దగ్గరగా చూడలేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆమె లెన్సు వైపే చూస్తోంది. చూస్తుండగా కంటిలో నుంచి ఒక చుక్క జారింది. తలకిందుల బొమ్మ కాబట్టి అది చెంప మీదుగా పైకి పోతున్నట్టు కనిపించింది. ఆయన ఇత్తడి మర తిప్పుతూ, ఆమె కళ్ళు స్పష్టమయ్యేదాకా తిప్పి, బయటికి వచ్చాడు.

"రెప్ప కొట్టొద్దు తల్లీ. మూత తీసి మళ్ళా పెట్టేదాకా," అన్నాడు రామలింగం.

మూత తీశాడు. ఆమె రెప్ప కొట్టలేదు. మూత పెట్టి "అయిపోయిందమ్మా" అన్నాక కూడా అలాగే చూస్తూ ఉంది.

రామలింగం దిద్దిన బొమ్మను కొత్త టవలులో చుట్టుకుని ఆదోనిలో వాదిరాజ ఇంటికి వచ్చాడు. కట్ట మీద కూర్చుని విప్పాడు.

చంద్రకళ చూస్తోంది. వాదిరాజ బొమ్మ మీదికి వంగాడు. కనురెప్పల వెంట్రుకలు, నల్లగుడ్డులో సన్నటి మెరుపు, అన్నీ ఉన్నాయి. ఎక్కడా కుంచె జాడ లేదు. ఆయన రెండు చేతులతో పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. రాధాబాయి కొంగుతో చేతులు తుడుచుకుని, అందుకుని, దొడ్డివాకిలి వెలుతురులోకి పోయి నిలబడింది. ఎంతసేపటికీ కదలలేదు.

తర్వాత వీధి గది దాటి కట్ట దగ్గరికి వచ్చింది. ఆ గదిలోకి ఆమె రావడం చూసి వాదిరాజ గుండె కుదుటపడబోయింది.

"పని బాగుందప్పా," అంది రామలింగంతో. "వంక పెట్టేది లేదు."

"ఏమన్నా మార్సల్లంటే సెప్పు తల్లీ. ఇంకా మళ్ళా ఫోటో తియ్యలే. ఇది కాగితం మీద ఉత్త రంగే."

"ఇవి నా కండ్లు."

"మా పద్ధతి అదే కదమ్మా."

"అది పోయినాక నాకు వచ్చిన కండ్లు. అది ఉన్నప్పుడు నాక్కూడా ఇవి లేవు. దానికి యాడివి?" రాధాబాయి గొంతు పెంచలేదు. "ఇట్లా చూస్తుంటే, తను పోయినట్టు దానికి తెలిసిపోయినట్టుంది. దానికి తెలీదు. నిద్రలో పోయింది."

రామలింగం తల వంచుకున్నాడు. టవలు మడతలు సవరించాడు. "ఇంకో తీరుగా దిద్దుతానమ్మా. నవ్వినట్టు."

"వద్దు. మూసెయ్యండి."

"తడి దూదితో అద్దితే పోతాది. కాగితానికి ఏం కాదు," అన్నాడతను నెమ్మదిగా.

ఆమె లోపలికి పోయి, వత్తులు చేసే దూదీ, గిన్నెలో నీళ్ళూ తెచ్చింది. రామలింగం చెయ్యి చాపాడు. ఆమె అతనికి ఇవ్వలేదు. భర్త ముందు పెట్టింది.

"ఆ పొద్దు మీరు లేరు," అంది.

వాదిరాజ బొమ్మను ఒళ్ళో పెట్టుకున్నాడు. దూది తడిపి, పిండి, కుడికన్ను మీద ఉంచాడు. రుద్దవద్దని రామలింగం చేత్తో చూపించాడు. అద్దుతుంటే ముందు మెరుపు పోయింది. తర్వాత నలుపు కరిగింది. తెలుపు పోయాక, అడుగున ఎప్పటి నుంచో ఉన్న రెప్ప కనిపించింది.

ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, చంద్రకళ ఆయన వైపు చూసింది.

ఆయన చెయ్యి ఆగిపోయింది. పిల్ల ఇలాగే బాదం ఆకుకు చిల్లి పెట్టి, ఒక కన్ను మూసుకుని, ఆ చిల్లిలో నుంచి బల్ల అవతల నిలబడి చూసేది. ఒక్కసారి మాత్రం ఆయన తలెత్తాడు. ఆ కన్ను తేనెరంగుది. నల్లది కాదు. ఎండలో తేనెరంగు. నవ్వితే కింది రెప్ప పైకి ఉబికేది.

రాధాబాయి కూడా చూసింది. ఆమె చెయ్యి నోటి దగ్గరికి పోయింది. 

ఇప్పుడు చెప్పగలడు. రామలింగం ఎదురుగానే ఉన్నాడు. కుంచెలు అతని సంచిలోనే ఉండి ఉంటాయి. వాదిరాజ భార్య వైపు చూశాడు. ఆమె నోటి మీది చెయ్యి తీసి, మెల్లగా తల అడ్డంగా ఊపింది.

ఆయన దూది మళ్ళీ తడిపాడు. ఎడమకన్ను మీద పెట్టాడు. కనుబొమ్మ కింది మచ్చ చెరిగిపోకుండా జాగ్రత్తగా, లోపలి మూల నుంచి బయటి మూలకు అద్దుకుంటూ వచ్చాడు. ఆ కన్ను మూసుకోవడానికి ఎక్కువసేపు పట్టింది.

రాధాబాయి బొమ్మను తీసుకుని కొంగుతో తడి అద్ది, వీధి గది గూట్లో పెట్టింది. బోర్లా పెట్టలేదు. ముఖం గదిలోకి ఉండేటట్టు పెట్టి, లోపలికి పోయింది.

"కెమెరా ఎప్పుడు తెచ్చియ్యమంటారు సారూ?" అన్నాడు రామలింగం లేస్తూ.

"నీ దగ్గరే ఉండనీ రామలింగం."

అతను టవలు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాడు. వాదిరాజ కట్ట మీదనే కూర్చున్నాడు. నల్లబడిన దూది ఉండ ఆయన గుప్పెట్లో ఉంది. నీళ్ళు వేళ్ళ సందుల్లో నుంచి కారి పంచె మీద మరకలు పడుతున్నాయి. దాన్ని ఎక్కడ పారేయాలో ఆయనకు తెలియలేదు.